తలుపు పట్టుకున్న చేతులు

కాల్యుమెట్,
డిసెంబరు, ఆదివారం.

ప్రియమైన హెల్మీ అక్కకి,

ఫోన్ చేస్తే రెండో మాటకే అందుకుంటావు, మూడో మాటకి నువ్వే మాట్లాడుతుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాఫీ కలుపుకో, పక్కన యాలకుల రొట్టె పెట్టుకో, కూర్చుని చదువు. సగంలో లేచి చర్చికి వెళ్ళకు.

థాంక్స్‌గివింగ్ రోజు మీ ఇంట్లో భోజనాలయ్యాక, నీ కోడలు కెల్సీ సోఫా మీద మర్చిపోయిన పుస్తకం నీ చేతికి దొరికింది గుర్తుందా? అట్ట మీద కొమ్ములవాడు, వాడి పక్కన ఎర్రజుట్టు పిల్ల. చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించావు. "చూశారా ఈ వైభోగం! మన ఆడవాళ్ళకి మొగుళ్ళు చాలక ఇప్పుడు పశువులు కావాల్సొచ్చాయి" అన్నావు. మధ్యలో ఒక పేజీ తీసి పాస్టరుగారి గొంతు పెట్టి చదివావు. రూడీ బావకి పొలమారింది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. తర్వాత గిన్నెలు కడిగే నెపంతో వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి పెట్టి ఏడ్చాను.

అక్కా, ఆ పుస్తకం రాసింది నేనే.

అట్ట మీద పేరు నాది కాదు. పెట్టుకున్న పేరు. లోపలిదంతా నాదే. ఇంతకుముందు రాసిన చిన్న పుస్తకాలు కూడా నావే. నా అంతట నేనే అచ్చు వేసుకుంటాను, ఇంటర్నెట్లో అమ్ముతాను. కూర్చుని రాసే తీరిక నాకెక్కడిది? డ్యూటీలో మంచు తోసే బండి ఎక్కి, ఫోన్ ముందు పెట్టుకుని, రోడ్డు తోసుకుంటూ కథ చెబుతాను. ఫోన్ దాన్ని అక్షరాలు చేస్తుంది. ఒకసారి వైర్‌లెస్ మీట నొక్కి ఉందని మర్చిపోయి, సముద్రమంత మన సరస్సు అడుగునుంచి మంచు పగలగొట్టుకుని కొమ్ములవాడు లేచే ఘట్టం చెబుతుంటే, డిపోలో ఉన్న మా తోటి డ్రైవరు ఆర్వో విని, "సైమా, ఎవర్నైనా గుద్దావా?" అని కంగారుపడ్డాడు. దుప్పిని అని చెప్పి తప్పించుకున్నాను.

ఇంత వయసొచ్చి రాక్షసుడి ప్రేమకథలేమిటే అంటావు. నీకు తెలిసేలా చెబుతాను. నా పెళ్ళి ఫోటో నీ పియానో మీద ఇంకా ఉంది కదా, వెళ్ళి ఒకసారి చూడు. అందులో డేల్ నాకంటే ఒక వేలెడు ఎత్తుంటాడు. నిజానికి నేనే వాడికంటే అరచెయ్యంత ఎత్తు. ఫోటో తీసేవాడు "పెళ్ళికూతురు కాస్త వంగాలి" అన్నాడు. గౌను కింద మోకాళ్ళు వంచి నిలబడ్డాను. ఆ గౌను విప్పేశాను గానీ మోకాళ్ళు మాత్రం, డేల్‌తో ఉన్నన్నాళ్ళూ వంచే ఉంచాను. వాడు చెయ్యెత్తేవాడు కాదు, అరిచేవాడు కాదు. "నీ సంగతి నాకు తెలుసులే" అనేవాడు, అంతే. హోటల్లో నా తిండి వాడే చెప్పేవాడు. నాకు నిద్ర వస్తోందో లేదో వాడే చెప్పేవాడు. నేను గట్టిగా నవ్వితే "చాల్లే, జనం చూస్తున్నారు" అనేవాడు. ఏ రోజూ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. వాడి దగ్గర్నుంచి వచ్చేసినప్పుడు "తాగడా, కొట్టడా, మరి ఏం తక్కువైందే?" అని నువ్వడిగావు. జవాబు నాకు తర్వాత బండిలో దొరికింది.

నా రాక్షసుడికి కర్హూ అని పేరు పెట్టాను, అమ్మమ్మ ఫిన్నిష్‌లో ఎలుగుబంటిని పిలిచే మాట. వాడికి కొమ్ములు, తోక, నాలుగు చేతులు. మనిషి ముఖం వాడు ఎన్నడూ చూడలేదు. అందుకని వాడికి మన సంగతి ఏమీ తెలియదు. తెలియదు కాబట్టి అన్నీ అడుగుతాడు. అట్ట మీది ఆ ఎర్రజుట్టు పిల్ల తిల్దా ఏడుస్తుంటే, "నీ కళ్ళలోంచి నీళ్ళొస్తున్నాయి. మీ జాతిలో ఇది నొప్పా, సంతోషమా?" అంటాడు. ఇది తినొచ్చా, ఇక్కడ కూర్చోవచ్చా, నీ చెయ్యి ముట్టుకోవచ్చా అంటాడు. అక్కా, రాక్షసుడిలో మజా కొమ్ముల్లో లేదు, ఆ అడగడంలో ఉంది. ఇంకొక మజా కూడా ఉంది. తిల్దా నా అంత పొడుగు. వాడు ఆమెని చూసి "ఎంత చిన్నదానివి" అంటాడు. నన్ను ఎవరూ ఎప్పుడూ చిన్నదానివి అనలేదు. పుట్టిన నాడు కూడా మంత్రసాని అనలేదని అమ్మ చెప్పేది.

మా పాఠకులు ఏదైనా క్షమిస్తారు గానీ, రాక్షసుడి ఒంట్లో అవయవం తప్పిపోతే క్షమించరు. అచ్చుకి ముందు చదివిపెట్టే వాళ్ళలో కెనడాలోని సస్కాచ్వాన్ నుంచి డోరీన్ అని గోధుమ రైతు భార్య ఉంది. కర్హూ మొదటిసారి తిల్దాని దగ్గరికి తీసుకున్న చోట నేను రెండు చేతులే రాశాను. డోరీన్ వెంటనే తగులుకుంది: "మిగతా రెండూ ఏమయ్యాయమ్మా? జేబుల్లో పెట్టుకున్నాడా?" నిజంగానే మర్చిపోయాను. ఎంత ఆలోచించినా ఆ రెండు చేతులతో ఏం చేయించాలో తోచలేదు. నన్ను దగ్గరికి తీసుకున్నవాడు ఉన్న రెంటితోనే ఊపిరాడనివ్వలేదు, ఇక నాలుగా! మంచుతుఫానులో రోడ్డు తోస్తుండగా తోచింది. రెండు చేతులతో ఆమెని పట్టుకున్నాడు. మిగతా రెంటితో, వెళ్ళాలనిపిస్తే వెళ్ళొచ్చని, వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. తిల్దా వెళ్ళలేదు. అది చదివి డోరీన్ ట్రాక్టరు ఆపుకుని ఏడ్చిందట.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పుస్తకం చూసి న్యూయార్క్ నుంచి పెద్ద ప్రచురణ సంస్థవాళ్ళు ఫోన్ చేశారు. కోర్ట్నీ అనే అమ్మాయి, మంచిదే. దేశమంతా ప్రతి దుకాణంలో పెడతారట. ఒకటే షరతు. చివర్లో ఏదో శాపం తీరి కర్హూ అందమైన మనిషి అయిపోవాలి. "అప్పుడే అందరూ ఒప్పుకుంటారండీ, మీ అక్కలాంటివాళ్ళు కూడా" అంది. నీ పేరు తెలియకుండానే నిన్ను పట్టేసింది చూడు. క్రిస్మస్ వెళ్ళాక జవాబు చెప్పాలి. ఒప్పుకుంటే ఈ మంచుబండి దిగిపోవచ్చు, మోకాళ్ళు ఎటూ అరిగిపోయాయి. ఒప్పుకోవడానికి చెయ్యి రావడం లేదు. నువ్వేమంటావు?

నీ చెల్లెలు
సైమా


ఎస్కనాబా,
క్రిస్మస్ ముందు శుక్రవారం.

సైమాకి,

నీ ఉత్తరం చదివి రొట్టె మాడ్చేశాను. ముందుగా ఒక మాట. నేను ఆ పుస్తకాన్ని ఎలుకలా పట్టుకోలేదు. చేతికి వెన్న అయ్యింది, అంటుకోకూడదని అలా పట్టుకున్నాను. నవ్వినందుకు మనసులో ఏదోగా ఉంది. దాని గురించి ఇంతకంటే అడక్కు.

ఇందులో ఆలోచించేదేముందే? ఒప్పుకో. వాణ్ణి మనిషిని చెయ్యి, మన చర్చివాళ్ళలా లూథరన్‌ని చెయ్యి, ఒక నీలం కోటు తొడుగు, చర్చిలో పెళ్ళి చేసెయ్యి. చేతులు రెండున్నా సంసారం నడుస్తుంది. మీ బావకి రెండే ఉన్నాయి, ఆ రెండూ రిమోట్ పట్టుకునే ఉంటాయి, నేను బతకడం లేదూ? ఇన్నేళ్ళు తెల్లవారకముందే లేచి ఆ ఇనపబండి ఎక్కావు. నడుము పట్టేసింది, మోకాళ్ళు పోయాయి. నువ్వే కల్పించిన కొమ్ముల కోసం చేతికొచ్చినదాన్ని పోగొట్టుకుంటావా? నీ పేరు మాత్రం బయటపెట్టకు. చర్చిలో పియానో వాయించేది నేను. వెనక కూర్చున్న ఆడవాళ్ళు పాట వింటారా, నా వీపు చూసి గుసగుసలాడతారా?

ఆ పుస్తకం నేను చదవలేదు, చదవను. ఏడో అధ్యాయంలో ఆ పిల్ల బూట్లు లేకుండా మంచు మీద అంత దూరం ఎలా నడిచింది, కాళ్ళు కొంకర్లు పోవా అని కెల్సీ అడుగుతోంది. జవాబు రాయి, దానికి చెబుతాను.

మాంసం కూరిన పేస్టీలు పంపిస్తున్నాను. మీ ఊళ్ళోవాళ్ళు వేస్తారే, ఆ క్యారెట్ వెయ్యలేదు.

హెల్మీ


కాల్యుమెట్,
జనవరి.

అక్కకి,

కెల్సీకి చెప్పు, తిల్దా కాళ్ళకి కర్హూ తన తోక చుట్టాడు. ఆరో అధ్యాయం చివర ఉంది. కెల్సీ పేజీలు దాటేస్తూ చదువుతున్నట్టుంది.

నీ మాట విన్నాను. నిజంగా విన్నాను. క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని చివరి అధ్యాయం తిరగరాశాను. తెల్లవారింది, శాపం తీరింది, కొమ్ములు రాలిపోయాయి. కర్హూ మనిషయ్యాడు. మంచి ముఖం, నీలం కళ్ళు, నువ్వు చెప్పిన కోటు కూడా తొడిగాను. ఆ పైన వాడిచేత మాట్లాడించబోయాను. మాట్లాడాడు. ఏమన్నాడో తెలుసా? తిల్దా "ఆకలేస్తోందా?" అంటే, "నీకే ఆకలి, నీ సంగతి నాకు తెలుసులే" అన్నాడు. నేను చెప్పించలేదక్కా, వాడే అన్నాడు. కొట్టేసి మళ్ళీ రాశాను. ఈసారి తిల్దా ఆనందం పట్టలేక గట్టిగా నవ్వింది. వాడు చుట్టూ చూశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని. వాడికి ఇప్పుడు జనం ఉన్నారు మరి.

అయినా పట్టు వదల్లేదు. మనుషుల్లో మంచివాళ్ళు లేరా, ఉన్నారు, అలాంటివాణ్ణే రాద్దామనుకున్నాను. ఆఖరి కౌగిలి దాకా వచ్చాను. వాడు తిల్దాని రెండు చేతులతో దగ్గరికి తీసుకున్నాడు. అక్కడ ఆగిపోయాను. వాడికి ఉన్నవి ఇప్పుడు రెండే చేతులు. రెండూ ఆమె చుట్టూ ఉన్నాయి. తలుపు పట్టుకునేవాళ్ళు లేరు. గాలికి అది దానంతటదే మూసుకుంది. నేను రాస్తుండగానే మూసుకుంది. నాకు వంటింట్లో ఊపిరాడలేదు, వెళ్ళి బయట మంచులో నిలబడ్డాను.

అప్పుడు తెలిసింది నేనేం అమ్మబోతున్నానో. వాణ్ణి మనిషిని చేస్తే తిల్దాకి ఏం చెప్పినట్టు? రాక్షసుణ్ణి ప్రేమించడం ఒక పరీక్ష, ఓర్చుకున్నావు కాబట్టి బహుమానంగా మామూలు మొగుణ్ణి ఇస్తున్నాం, ఇక మోకాళ్ళు వంచు అనే కదా? తిల్దాకి మామూలు మొగుడు అక్కర్లేదు. ఆమెకి కొమ్ములవాడే కావాలి, తోకతో సహా. నా పుస్తకాలు చదివేవాళ్ళందరికీ అదే కావాలి. తమని సరిదిద్దనివాడు, తాము సరిదిద్దక్కర్లేనివాడు.

మర్నాడు కోర్ట్నీకి ఫోన్ చేశాను. "ఆలోచించుకోండి, ఇలాంటి అవకాశం మళ్ళీ రాకపోవచ్చు" అంది.

"రాకపోతే పోనీ అమ్మా. వాడి కొమ్ములు కొయ్యను" అన్నాను.

"కనీసం చేతులైనా రెండు..."

"ముఖ్యంగా చేతులు కొయ్యను."

కోర్ట్నీ మెల్లగా, "నాకూ వాడు అలాగే ఇష్టమండీ. కానీ నా చేతుల్లో లేదు" అంది. పాపం అనిపించింది. ఫోన్ పెట్టేశాక భయం వెయ్యలేదు. వింతగా బాగా ఆకలేసింది. నీ పేస్టీలన్నీ తినేశాను.

దాక్కోవడం కూడా అయిపోయింది. ఇకనుంచి అట్ట మీద సైమా లాహ్తి అనే వేస్తాను. డిపోలో నేనే చెప్పేశాను. ఆర్వో తల గోక్కుని, "మీవాడికి మంచు తోయడం వచ్చా?" అన్నాడు. "నాలుగు చేతులు, నీకంటే రెండింతలు తోస్తాడు. పైగా కాఫీకని మాయమవడు" అన్నాను. డిపో అంతా పగలబడి నవ్వింది. ఈసారి నవ్వు నన్ను చూసి కాదు, నాతో.

ఫిబ్రవరి చివరి శనివారం మార్క్వెట్ ఊళ్ళో మాలాంటి రచయిత్రులంతా కలిసే పుస్తకాల సంత ఉంది. నా పేరుతో ఒక బల్ల తీసుకున్నాను. నిన్ను రమ్మనడం లేదు. చర్చి ఆడవాళ్ళ గుసగుసలు నీకు పడవని తెలుసు. ఎవరూ రాకపోతే ఒక్కదాన్నే కూర్చుంటాను. కానీ నిటారుగా కూర్చుంటాను.

సైమా


ఎస్కనాబా,
మార్చి, రెండో సోమవారం.

నా ప్రియమైన పొడుగుచెల్లికి,

నువ్వు బల్ల వెనక కూర్చుని సంతకాలు పెడుతున్నావు, నీకు పుస్తకాలే కనిపించాయి. లైనులో నిలబడ్డ ముఖాలు నేను చూశాను. వాటి సంగతి నీకెవరూ చెప్పరు కాబట్టి నేనే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, అది విని నేనూ మొదలుపెడతాను.

నేను రావాలని అనుకోలేదు. నిజం. సంతకి ముందు మంగళవారం ఆ పుస్తకం మరోసారి చదివాను. ఆఁ, మరోసారే. కెల్సీకి బూట్ల అనుమానం ఎప్పుడూ రాలేదు, అది నా అనుమానం. పుస్తకంలో ఆ తలుపు ఘట్టానికి వచ్చేసరికి మీ బావ వంటింట్లోకి వచ్చి అలవాటుగా నాకు కాఫీ పోసి చక్కెర వేశాడు. ఏళ్ళుగా వేస్తూనే ఉన్నాడు. నాకు చక్కెర ఇష్టం లేదు. "రూడీ, నన్నో మాట అడుగు" అన్నాను. బిత్తరపోయి "ఏం అడగాలే?" అన్నాడు. "ఏదైనా అడుగు. నాకేం కావాలో అడుగు." పాపం, చేతిలో చెంచాతో అలాగే నిలబడ్డాడు. చివరికి "హెల్మీ, నీకేం కావాలి?" అన్నాడు. "చక్కెర లేని కాఫీ కావాలి, శనివారం మార్క్వెట్ తీసుకెళ్ళాలి" అన్నాను. కప్పు ఒలకబోసి కొత్తది పోశాడు. ఆ తర్వాత నుంచి ఆపడం లేదు. ఉప్పు చాలా, కిటికీ వెయ్యనా, ఈ చొక్కా వేసుకోనా అని అడిగి అడిగి నా ప్రాణం తీస్తున్నాడు. నువ్వే పూచీ.

శనివారం దారంతా అనుకుంటూనే ఉన్నాను, నీ బల్ల దగ్గర ఎవరూ ఉండరు, కనీసం నేనైనా వెళ్ళి నిలబడాలి అని. హాలు మలుపు తిరిగాక బండి ఆపి, "ఏమైందిక్కడ, నిప్పంటుకుందా?" అన్నాడు మీ బావ. లైను హాలు దాటి, బయట మంచులోకి వచ్చి, బండ్లు ఆపే చోటంతా చుట్టేసి ఉంది. అందరికీ కొమ్ములు! అట్టకొమ్ములు, ఉన్నికొమ్ములు, ఒకావిడ నెత్తిన నిజం దుప్పికొమ్ములే. "ఇదంతా ఏ బల్లకి?" అని అడిగాను. "తలుపు రాసినావిడ బల్లకి" అన్నారు. నీ పేరు కూడా చెప్పక్కర్లేకపోయింది.

నా ముందు నిలబడ్డది ఎవరనుకున్నావు? డోరీన్. ఇంత పొట్టి మనిషి, నా భుజం దాకా కూడా రాదు. సస్కాచ్వాన్ నుంచి ఒక్కతే బండి నడుపుకుంటూ వచ్చింది. వాళ్ళాయన పోయి ఎక్కువ రోజులు కాలేదట. "మా ఆయనకి రెండు చేతులేనమ్మా. కానీ తలుపెప్పుడూ మూసేవాడు కాదు. ఈ పుస్తకం చదివాక గానీ నాకు ఎంత మంచివాడు దొరికాడో తెలియలేదు" అంది. ఆ వెనక చక్రాల కుర్చీలో ఒక కుర్రది, "మనుషులైతే నన్ను చూడగానే 'అయ్యో' అంటారండీ. రాక్షసుడైతే 'ఇదేమిటి, దీనికి చక్రాలున్నాయే, నన్నూ ఎక్కించుకుంటావా?' అంటాడు" అంటూ పకపకా నవ్వింది. లైనంతా ఇలాంటి మాటలే. ఎవరి ఇంటి సంగతులు వాళ్ళు, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో. మా చర్చిలో ఇన్నేళ్ళలో ఇన్ని నిజాలు వినలేదు సైమా.

సరస్సు గాలికి ఆ హాలు తలుపు మూసుకుపోతూ ఉంది, చక్రాల కుర్చీ పిల్లకి తగలబోయింది. మీ బావ వెళ్ళి పట్టుకున్నాడు. పిల్ల లోపలికి వెళ్ళింది, వెనకావిడ వెళ్ళింది, ఆ వెనకావిడ వెళ్ళింది, ఈయన వదలడు. తలుపు పట్టుకుని నిలబడ్డ మొగాణ్ణి చూసి ఆడవాళ్ళంతా ఇది సంతలో భాగమనుకున్నారు. చప్పట్లు కొట్టారు. ఫోటోలు దిగారు. దుప్పికొమ్ములావిడ తన కొమ్ములు తీసి ఈయన నెత్తిన పెట్టింది. సంత ముగిసేదాకా అలాగే నిలబడ్డాడు. ముక్కు ఎర్రబడిపోయింది గానీ ముఖం వెలిగిపోతోంది. ఇంటికొచ్చాక "హెల్మీ, ఆ కొమ్ములు ఉంచుకోనా?" అని అడిగాడు. ఉంచుకోమన్నాను. ఎందుకో ఆయన్ని నేనడగలేదు, నువ్వూ నన్నడక్కు.

ఇక చివరిది నీకూ తెలుసు, అయినా రాస్తాను, కాగితం మీద ఉండాలి. పత్రికవాళ్ళ ఫోటోకి అందరూ నీ చుట్టూ చేరారు. ఆ ఫోటో కుర్రాడు కెమెరా ఎత్తి, దించి, "మేడమ్, మీరు కాస్త వంగితే అందరూ ఒకే ఎత్తులో వస్తారు" అన్నాడు. నీ భుజాలు కదలడం చూశాను. అలవాటు మరి. నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ గొంతు, పియానో పక్కన కూడా ఎప్పుడూ అంత పైకెత్తి పాడలేదు. "ఆవిడ వంగదు! నువ్వే స్టూలెక్కు!" అని అరిచాను. లైనంతా "ఆవిడ వంగదు!" అని అందుకుంది. హాలు పైకప్పు ఎగిరిపోతుందనుకున్నాను. కుర్రాడు స్టూలెక్కాడు. నువ్వు గట్టిగా నవ్వావు సైమా. చిన్నప్పుడు సావ్నా ఆవిరి గదిలోంచి మంచులోకి దూకి నవ్వేదానివే, ఆ నవ్వు.

కోర్ట్నీ పిల్ల మళ్ళీ ఫోన్ చేసిందని, పత్రికలో ఆ లైను చూసి వాళ్ళ పెద్దలు కొమ్ములతోనే ఒప్పుకుంటామన్నారని నువ్వు నిన్న చెప్పినప్పుడు, నేను ఆశ్చర్యపోలేదు. నువ్వు మాత్రం వెంటనే తల ఊపకు. వాళ్ళ చేత ఇంకా కొన్ని ప్రశ్నలు అడిగించుకో.

నిన్న చర్చిలో నేను వాయిస్తుంటే వెనక గుసగుసలు మొదలయ్యాయి. పాట అయ్యాక లేచి, వాళ్ళ వైపు తిరిగి, "అవును, మా చెల్లెలే" అన్నాను. వాళ్ళు అడిగింది ఒకటే, పుస్తకం ఎక్కడ దొరుకుతుందని. ఒక పెట్టెడు పంపించు. పాస్టరుగారి భార్యకి సంతకం చేసింది కావాలట, భర్తకి చెప్పొద్దంది.

పెళ్ళి ఫోటో పియానో మీద నుంచి తీసేశాను. అదే ఫ్రేములో పత్రిక ఫోటో పెట్టాను. నీ తల ఫ్రేములో పట్టలేదు. పెద్ద ఫ్రేము కొనడానికి మీ బావ బజారుకి వెళ్ళాడు.

నీ అక్క
హెల్మీ